బెల్లం తక్కెడలో మనవడు

నారాయణఖేడ్‌లో శంకరమ్మను ఎరగని కిరాణా కొట్టు లేదు. ఏటా బోరంచ నల్లపోచమ్మ గుడి దగ్గర మనవడిని తక్కెడలో కూర్చోబెట్టి, అతనితో సరితూగే బెల్లం పంచేది ఆమే. బక్కగా పుట్టిన నాగేశ్ బతికితే అలా చేస్తానని మొక్కుకుంది. నాగేశ్ బతికాడు. తను బతకడమే కాదు, బెల్లం వ్యాపారులనూ బతికించాడు.

శంకరమ్మ చిన్నప్పుడు కంగ్టి దగ్గరి ఊళ్లో సగం జొన్నరొట్టెతో పడుకున్న మనిషి. చెరకు నరికే పనులకు పోయి కొడుకు శ్రీనును పెంచింది. అతను బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణం పెట్టాక, ఇంట్లో ఆకలి అన్న మాటనే నిషేధించింది. మనవడికి టిఫినుకు ముందు బిస్కెట్లు, తర్వాత బజ్జీలు, మధ్యలో కూల్‌డ్రింకు. బడి దగ్గరే అయినా పిల్లవాడు కందిపోతాడని ఆటో. తక్కెడ అతని వైపు కిందికి వంగిన ప్రతిసారీ శంకరమ్మ పరీక్ష పాసైనట్టు వెలిగిపోయేది.

2012లో నాగేశ్‌కు మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. కోడలు సంతోషి దవాఖానకు తీసుకుపోయింది. శంకరమ్మ కాపలాగా వెళ్లింది. డాక్టరు పిల్లవాడి మెడ మీది నల్లచారను చూపించి, ఇలాగే పెరిగితే చిన్న వయసులోనే షుగరు రావచ్చన్నాడు. తీపి, నూనె తగ్గించి రోజూ నడిపించమన్నాడు.

బయటికి రాగానే శంకరమ్మ తీర్పు చెప్పింది.

"గా డాక్టరును సూసినవా? ఎండిన కట్టె లెక్క ఉన్నడు. మన పోరని మీద కన్ను వెట్టిండు."

"అత్తమ్మా, మెడ నల్లగైంది సూడు!"

"నువ్వు సరిగ్గ రుద్దుతలేవు, గందుకే."

ఇంటికొచ్చి మిరపకాయలతో దిష్టి తీసింది. డాక్టరు మాటలకు బెదిరిన పిల్లవాడికి ధైర్యం రావాలని గులాబ్‌జామూన్లు పెట్టింది.

ఆ ఏడు బోరంచలో జనం ఎక్కువై ఆటో దూరంగానే ఆగింది. నెత్తిన బెల్లం ముద్దతో శంకరమ్మ ముందు నడిచింది. కాసేపటికి వెనక్కి చూస్తే నాగేశ్ దారి పక్క రాయి మీద కూలబడి ఉన్నాడు. ఛాతీ ఎగిరెగిరి పడుతోంది.

"జల్దీ లెవ్వు బిడ్డా, గుడి గదే."

"నాతోని గాదు నాయినమ్మా. నువ్వే పోయి తక్కెడల కూసో."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. శంకరమ్మ నవ్వలేదు. ముద్ద దించి, పిల్లవాడి ఊపిరి కుదుటపడే దాకా పక్కనే కూర్చుంది. మొక్కు తీరింది కానీ, ఈసారి ఆమె తక్కెడ వైపు చూడలేదు. అమ్మవారితోనే మాట్లాడుకుంది.

"అమ్మా, వచ్చే యేడు బెల్లం తక్కువైతది. కోపం జెయ్యకు. పోరడు సల్లగుండాలె."

మర్నాటి నుంచి ఆటో బంద్. నాయినమ్మా మనవడూ కలిసి బడికి నడక. బిస్కెట్ల స్థానంలో జామకాయలు, రాత్రికి ఆకుకూరతో జొన్నరొట్టె. ఒకప్పుడు శాపమనుకున్న రొట్టెను శంకరమ్మే మళ్లీ చేసింది. నాగేశ్ ఏడ్చాడు, అలిగాడు, పొరుగింట్లో బజ్జీలు తింటూ దొరికాడు. అయినా నడిచాడు.

మరుసటి ఏడు అలవాటు కొద్దీ పాత లెక్కకే బెల్లం తెచ్చారు. నాగేశ్ పొడుగయ్యాడు కానీ తూకం తగ్గింది. బెల్లం మిగిలింది. పొరుగింటి ఇంద్రమ్మ బుగ్గలు నొక్కుకుంది.

"ఏందే శంకరమ్మా, పోరడు గిట్ల చిక్కిండు? దవాఖానల సూపియ్యరాదే?"

"సూపిస్తెనే గిట్లయిండు."

దుకాణానికి కూడా బండి మీదే పోయే శ్రీను మిగిలిన బెల్లానికి చెయ్యి చాచాడు. పొట్ట మీద అతని చొక్కా గుండీలు చాలాకాలంగా పోరాడుతున్నాయి. శంకరమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చి తక్కెడ చూపించింది.

"ఇగ నువ్వు కూసో. బండి తాళం ఇటియ్యి."