హల్వా తెచ్చిన పూనకం

బరువు తగ్గే ఆపరేషన్ అయ్యాక, దేవుడి దయవల్ల నా షుగర్ మాత్రలు ఆగిపోయాయి. ఆ సంతోషంలో ఘాజియాబాద్‌లో మా పక్కింటి ఆంటీ పెట్టిన నవరాత్రి భజనలో, ప్రసాదమే కదా అని గిన్నెడు హల్వా తిన్నాను. భజన సాగి హారతి వేళయ్యేసరికి చెమటలు, కళ్లు తిరగడం, ఒళ్లంతా వణుకు.

"మాతా ఆ గయీ!" అంటూ ఆంటీ, అమ్మవారు పూనిందనుకుని నా కాళ్ల మీద పడింది. "మాతాజీ, మా బేటా షాదీ ఈ ఏడు అవుతుందా?"

వణుకుతో తల ఊగింది.

"అచ్ఛా, అవుతుందట!"

మాత్రలు వేసుకునే రోజుల నుంచీ నా వణుకులు ఎరిగిన మా ఆయన పరుగున వచ్చి, "అమ్మవారు కాదు ఆంటీ, షుగర్ పడిపోయింది!" అంటూ గ్లూకోజ్ నీళ్లు తాగించారు. చిన్నదైన పొట్టలోంచి తీపి ఒక్కసారిగా పేగుల్లోకి దిగితే, ఇన్సులిన్ ఎక్కువగా ఊరి షుగర్ ఇలా పడిపోతుందని డాక్టర్ తర్వాత చెప్పారు.

ఇప్పుడు ప్రసాదం చిటికెడే కళ్లకద్దుకుంటున్నాను. ఆంటీ కొడుక్కి నిజంగానే ఆ ఏడు పెళ్లయింది. ఆవిడ ఇప్పటికీ నాకు దండం పెడుతుంది. నన్ను బతికించిన అమ్మవారికే ఆ దండాన్ని అప్పజెబుతుంటాను.