తలుపు రాయి నుంచి ఒక ములికి

కోనసీమలో రాయి పుట్టదు. తవ్వితే ఒండ్రు, ఇంకా తవ్వితే నీరు. రోడ్డుకి కంకర కావాలన్నా, వంటింటికి సన్నికల్లు కావాలన్నా గోదావరి దాటి రావలసిందే. అందుకే మా లోగిట్లో వీధి తలుపుకి అడ్డం పెట్టే చెకుముకి రాయిని మా తాతగారు ఆస్తిలో ఒక భాగంగా చూసేవారు. కొబ్బరికాయంత రాయి, తేనె రంగు. తోటలు పోయాయి, చేలు పోయాయి, చివరికి లోగిలీ పోయింది. కొన్నవారు ఆ రాయి సంగతి అడగలేదు. నేను దాన్ని చంకన పెట్టుకుని, నడుం వంచకుండా బయటికి వచ్చాను.

ఇప్పుడు మలికిపురంలో ఒక మేడమీది వాటాలో అద్దెకుంటున్నాం. పక్క వాటాలో ఒక మాస్టారు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యారు, ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ల తాతగారు ఒకప్పుడు మా తోటల్లో కాయలు దింపేవారు. ఆ సంగతి ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. ఆయన నన్ను ‘బాబుగారూ’ అని పిలుస్తారు. అందులో కొంత మర్యాద, కొంత వేళాకోళం. దేన్ని వదులుకోవాలన్నా నాకు కష్టంగానే ఉంటుంది.

ఒక సాయంత్రం ఆయన ఫోనులో ఎవరో రాతి ముక్క నుంచి బాణపు ములికి చెక్కుతుంటే చూశాం. మర్నాటి నుంచి మాకూ అదే పని. దిండి రిసార్టుల వైపు నుంచి ఖాళీ సీసాలు తెచ్చుకుని, అడుగులు పగలగొట్టి, ఆ గాజు మీద సాధన చేశాం. పనిలో రెండు దశలు. మొదట గుండ్రాయితో అంచు మీద కొట్టి పెచ్చులు రాల్చాలి. తరవాత రాగి మేకుతో అంచుని నొక్కుతూ, చేప పొలుసుల్లాంటి పెళ్లలు లేపుతూ మొన తేల్చాలి. సరుకులో కంటికి కనపడని బీట ఉంటే ఈ రెండో దశలోనే బయటపడుతుంది, అదీ ములికి పూర్తవబోతుండగా. మా మొనలన్నీ అలాగే విరిగాయి. మాస్టారు వాటిని ఒక ఆవకాయ సీసాలో దాచేవారు.

గుండ్రాయి మా ఆవిడ సన్నికల్లు పొత్రం.

“ఏవండీ, పొత్రం ఏదండీ?”

“మాస్టారి దగ్గరుంది.”

“ఇద్దరు పెద్దమనుషులు కూర్చుని రాళ్లు కొట్టుకుంటున్నారు. పచ్చడి మాత్రం నేను చేత్తో నూరుకోవాలి. బావుందండి.”

ఇంతలో మాస్టారు రాజోలు రోడ్డులో కట్టించుకుంటున్న ఇల్లు పూర్తయింది. వానలు పట్టగానే ప్రార్థన పెట్టించి అందులోకి మారతామన్నారు. మా ఇంట్లో ఒక ఆచారం ఉండేది. కొత్త ఇంట్లో అడుగు పెట్టేవారికి కొన్న వస్తువు ఇవ్వకూడదు, మన ఇంటిదే ఇవ్వాలి. ఒకప్పుడు ఇత్తడి బిందె వెళ్లేది, తోటలో కాసిన గెల వెళ్లేది.

“స్టీలు డిన్నర్ సెట్టు కొందావండి,” అంది మా ఆవిడ.

“కొన్నది పట్టుకెళ్లే అలవాటు మాకు లేదు.”

“ఖాళీ చేతుల్తో వెళ్లే అలవాటు ఉందాండి?”

మా ఇంటిదంటూ మిగిలింది ఆ రాయే. విరగని ములికి ఒక్కటైనా చూడాలని మాస్టారి కోరిక. ప్రార్థన నాటికి ఆ రాయి నుంచి ఒక నిండు ములికి తియ్యాలి, లేకపోతే ఆ గడప తొక్కనని అనేశాను.

రాయి లొంగలేదు. ఎంత కొట్టినా పొడి రాలేది తప్ప పెచ్చు లేవలేదు.

“కాల్చాలండి బాబుగారూ. నెమ్మదిగా వేడి చేస్తే మెత్తబడుద్దంట.”

“ఇది మా ఇంటి రాయి, మాస్టారూ.”

“ఆయ్, అందుకేనండి ఇంత బిగుసుకుపోయింది.”

పెరట్లో గొయ్యి తవ్వాం. పొడి ఇసకలో రాయిని కప్పెట్టి, పైన కొబ్బరి డొక్కలు పేర్చి, కొబ్బరి ఎండబెట్టేటప్పుడు వేసే సన్న సెగలాంటి సెగ పెట్టాం. వేసవికి కాలవల్లో నీళ్లు కట్టేసిన రోజులవి. గొయ్యి అడుగున చెమ్మ కూడా లేదు. రాత్రంతా కాగాలని వదిలేశాం. తెల్లవారేసరికి ఇంటి వెనక కాలవకి నీళ్లు వదిలారు, గొయ్యిలోకి ఊట వచ్చేసింది. మా నేలలో నీరు దారి అడగదు. డొక్కల కింద నుంచి బుస్సుమని ఆవిరి, వెనకనే టప్పుమన్న చప్పుడు. తీసి చూస్తే రాయి రెండు చెక్కలు. ఒక చెక్క నిండా బీటలే.

మాస్టారు పుల్లతో రెండు చెక్కల్నీ ఒక దగ్గరికి నెట్టారు. తరవాత, “మీ తాతగారు నన్ను క్షమించరండి,” అన్నారు.

“వారు నన్నే క్షమించలేదు. పొత్రం ఇలా ఇవ్వండి,” అన్నాను.

రెండో చెక్క నుంచి పెచ్చులు లేచాయి, వెన్నలాగా. సెగ మేలే చేసింది. అయినా మొన దగ్గరికొచ్చేసరికి ఒకటి విరిగింది, ఇంకొకటీ విరిగింది. ప్రార్థన ముందురోజుకి ఒక్క పెచ్చే మిగిలింది. మొన తియ్యవలసిన సన్న వైపునే అడ్డంగా వెంట్రుకలాంటి గీత. నేను దాన్ని కింద పెట్టేశాను.

మాస్టారు తీసుకుని వెలుతురుకి పట్టి చూశారు. “తిప్పండి బాబుగారూ. బీట ఉన్న వైపు బాణం పుల్లకి కట్టే వైపు చేసెయ్యండి. దారం కిందకి పోద్ది. లావు వైపు మొన తియ్యండి.”

లావు వైపు మొన తియ్యడమంటే నొక్కి నొక్కి అరచెయ్యి కందిపోవడమే. తిప్పాను. చివర్లో బీట దగ్గర ఒక మూల ఊడిపోయింది. మొన మాత్రం నిలిచింది.

మర్నాడు ప్రార్థన అయ్యాక దూదిలో పెట్టి ఇచ్చాను. ఒక పక్క కుంటి ములికి. ఇవ్వడానికి నాకు సిగ్గుగానే ఉంది. మాస్టారు కళ్లజోడు సవరించుకుని, బొటనవేలి మీద మొన ఆన్చి చూసుకున్నారు. రక్తం చుక్క లేచింది.

“దిగిందండి,” అన్నారు, ఎంతో తృప్తిగా. చుట్టాలందరికీ ఆ వేలు చూపించి వచ్చారు. వచ్చి, “ఆ మిగిలిన చెక్క ఏం చేసేరండి?” అన్నారు.

“పెరట్లో పడి ఉంది. బీటలే కదా.”

“ఏటిగాలికి మా వీధి తలుపు కొట్టేసుకుంటందండి. అదీ ఇప్పించకూడదాండి?”

ఆటోలో వెళ్లి తెచ్చాను. చంకన పెట్టుకునే దిగాను. తలుపు దగ్గర అది పెట్టాలంటే వంగక తప్పదు. వంగి పెట్టాను.

మాస్టారు లోపలి నుంచి చూస్తూ, “కొద్దిగా ఇవతలికండి బాబుగారూ, తలుపుకి ఆనట్లేదు,” అన్నారు.

జరిపాను.