తప్పిపోయిన నాయన

కరోనా తగ్గి గుళ్ళు, బళ్ళు మళ్ళీ తెరిచిన ఏడు. పెనుకొండలో మా చర్చి వెనక రేకుల షెడ్డులో సండే స్కూల్ నడుపుతుండేవాణ్ణి. హిందూపురం నుంచి ధర్మవరం దాకా తప్పిపోయిన కుమారుడి కథ నా అంత బాగా చెప్పేవాడు లేడు. తండ్రి ఎదురు పరుగెత్తే చోటికి వచ్చేసరికి పిల్లలేమి, పాస్టరుగారే కళ్ళు తుడుచుకునేవారు.

నిజం చెప్పేస్తాను. పాస్టరుగారికి కళ్ళు నీరు కారే జబ్బు. పిల్లల్లో సగంమంది చివర్లో పంచే బొరుగుల ఉండల కోసం వచ్చేవాళ్ళు.

మాకు ఫ్లానెల్ బోర్డు అని ఒకటి ఉంటుంది. ఉన్నిగుడ్డ అంటించిన పలక. వెనక గరుకు కాగితం ఉన్న బొమ్మల్ని ఆనిస్తే అతుక్కుంటాయి. కథ తెలియనివాళ్ళకు చెబుతాను: చిన్నకొడుకు ఇల్లు విడిచిపోయి, అంతా పాడుచేసుకుని తిరిగొస్తాడు. తండ్రి ఒక్కమాట అనకుండా పరుగెత్తి పోయి కౌగలించుకుంటాడు. ఆ తర్వాత విందుకు కొవ్విన దూడను కోయాలి. మా పిల్లల ముందు దూడను కోస్తే ఆ పూటంతా ఏడుపే. అందుకని దూడబొమ్మను జేబులో వేసుకుని, కోడికూర, సంగటి పెట్టించేవాణ్ణి.

ఆశ అని రెండో తరగతి పిల్ల. తల్లి లేదు, అవ్వ దగ్గర ఉండేది. వాళ్ళ నాయన ధర్మవరంలో మగ్గం నేసేవాడు. పని లేదని బెంగళూరు పోయి, తర్వాత ఫోను కూడా చేయలేదు. ఆ రోజు బోర్డు చూసి ఆశ అడిగింది.

"కొడుకు పోతే నాయన ఉరుకుతాడు. నాయనే పోతే ఎవురు ఉరకల్ల సార్?"

"ఇంట్లో ఎవురుంటే వాళ్ళు ఉరకల్ల పాపా."

"నాకు మా నాయనతో టూ."

టూ అంటే ఇక నీతో మాట్లాడను అని మా పక్క పిల్లల మాట. ఆ టూ తీసెయ్యడమే క్షమించడం అని చెప్పాను. ఇంత తేలికగా ఏ పాస్టరూ చెప్పలేడని ఆ వారమంతా మురిసిపోయాను.

వానలు మొదలైనాక ఒక ఆదివారం వాళ్ళ నాయన వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు. చిక్కి సగమైపోయాడు. లోపలికి రావడానికి మొహం చెల్లలేదు. ఆశ నన్ను చూసింది, గేటును చూసింది. ఉరికిపోయి ఆయన నడుము పట్టుకుంది. ఆయన ఏడ్చాడు. నా పాఠమే ఒక మనిషిని ఇంటికి తెచ్చిందనుకున్నాను.

వానలు ముగియకముందే మళ్ళీ పోయాడు. బస్టాండులో బన్ను కొనుక్కొస్తానని చెప్పి పోయాడట. ఆశ తిండి ముట్టకుండా గడప మీదే కూర్చుందని అవ్వ చెప్పింది.

తర్వాతి ఆదివారం ఆశ బోర్డు దగ్గరికొచ్చి కొడుకు బొమ్మను ఊడబెరికి చేతిలో పట్టుకుంది.

"ఇంటికొచ్చినాక వీడు మళ్ళీ పోతాడా సార్?"

"పోడు పాపా."

"మీకెట్ల తెలుసు? కథ ఆడికే అయిపోయింది గదా."

బొరుగుల ఉండ ఇవ్వబోయాను, తీసుకోలేదు. ఇప్పుడు పెద్ద క్లాసులో ఉంది. మెమరీ వర్స్, అంటే వారంవారం కంఠతా పట్టే వాక్యం, తప్పు లేకుండా ఒప్పజెబుతుంది. తల మాత్రం ఎత్తదు. ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే పక్కకు జరుగుతుంది. నాయన జాడ ఇంతవరకు లేదు.

కోపం తీసెయ్యడం వేరు, మనిషిని నమ్మడం వేరు. నేను రెండూ కలిపి ఒకే ముద్దగా ఆ పిల్లతో మింగించాను. ఆ టూ, దెబ్బ తగలకుండా ఆమె అడ్డం పెట్టుకున్న చెయ్యి. దాన్ని దించింది నేను. ఆ కథ ఇప్పుడు చెప్పను. ఇంకో టీచరు చెబుతుంటే లేచి బయటికొచ్చేస్తాను.

ఇదంతా రాసి, నాతోబాటు క్లాసు చూసుకునే నా భార్య మార్తమ్మకు చదివి వినిపించాను. చివరిదాకా విని, కాగితం మీద ఒక చోట వేలు పెట్టింది.

"ఉరికిందని రాసినావే, యాడ ఉరికిందబ్బా? గోడకానుకోని కదల్లేదు ఆ బిడ్డ. నువ్వే భుజాలు పట్టుకోని గేటు కాడికి తోసినావు."