ఖాళీ అయినా తెరుచుకోని పిస్తోలు

పోటీల్లో కాల్చే పిస్తోలు చివరి తూటా అయిపోగానే తెరుచుకుని నిలిచిపోవాలా, అక్కర్లేదా? మా షూటింగ్ రేంజ్‌లో దీని మీద ఎప్పుడూ లొల్లే. నేను అక్కర్లేదనే జట్టు. అవతలివాళ్లను నోరెత్తనిచ్చేదాన్ని కాదు.

నాది చిన్న తూటాలు కాల్చే పాయింట్ టూటూ పిస్తోలు. పేలిన ప్రతిసారీ దాని పైభాగం, స్లయిడ్ అంటాం, వెనక్కి వెళ్లి ముందుకొచ్చి ఇంకో తూటాను గొట్టంలోకి తోస్తుంది. అయిదు తూటాలు నింపిన మ్యాగజైన్ ఖాళీ అయితే లోపల ఒక చిన్న మీట లేచి స్లయిడ్‌ను వెనకే ఆపేస్తుంది. ఇక ఏమీ లేదని చూడగానే తెలుస్తుంది. నాకు ఆ మీటంటే ఒళ్లుమంట. అయిదో దెబ్బకు చేతిలో అదురు వేరేగా ఉంటుంది. తూటాల్లేకుండా ఇంట్లో సాధన చేద్దామంటే స్లయిడ్ లాగిన ప్రతిసారీ తెరుచుకుని కూర్చుంటుంది.

మా కోచ్ రిటైరైన ఫౌజీ. మీట తీయిస్తానంటే తల అడ్డంగా ఊపాడు.

"అది తీసేస్తే ఖాళీ అయిందని నీకు ఎవరు చెప్తరమ్మా?"

"నాకు అయిదు దాకా లెక్కపెట్టనీకి వస్తది సార్."

అక్కడున్నవాళ్లంతా నవ్వారు. నేను గెలిచాననుకున్నాను. ఆ వారమే మెకానిక్‌తో మీట తీయించేశాను. స్కోరు కాస్త పెరిగింది కూడా, దాంతో నా పొగరు ఇంకా పెరిగింది.

మేముండేది మాదన్నపేటలో. బాపు గుళ్లో అర్చకుడు. దసరా నాడు మా ఇంట్లో ఆయుధపూజ ఆయన చేతుల మీదే జరుగుతుంది. కొబ్బరికాయలు కొట్టే కత్తి, అమ్మ కత్తిపీట, కుట్టుమిషన్ కత్తెర, వీటి పక్కన నా పిస్తోలు. పీట మీద పెట్టిన వస్తువు నోరు తెరుచుకుని ఉండకూడదని బాపు పట్టింపు. తెరిచిన కత్తెర ఇంట్లో కొట్లాట తెస్తుందట. ముందు ఏడాది నా పిస్తోలు స్లయిడ్ తెరిచి, లోపల తూటా లేదని చూపించే ఎర్రటి ప్లాస్టిక్ పుల్ల గొట్టంలో దూర్చి ఉంటే ఆయన గునుస్తూనే పసుపు పెట్టాడు. ఈసారి ఆ గొడవ ఉండదని మురిసిపోయాను.

దసరా పొద్దున కూడా రేంజ్‌కు వెళ్లాను. చివరి అయిదు తూటాలు కాలుస్తుంటే టేబుల్ మీద ఫోను అదురుతూనే ఉంది. ముహూర్తం దాటిపోతున్నదని బాపు. కాల్చేశాను, మ్యాగజైన్ బయటికి లాగాను, ఖాళీగా ఉంది. ఎర్ర పుల్ల దూర్చాలంటే ఇప్పుడు మీట లేదు కాబట్టి ఒక చేత్తో స్లయిడ్ లాగిపట్టి ఇంకో చేత్తో దూర్చాలి. ఇంటికి పోగానే ఎలాగూ తీసేసేదే కదా అనుకున్నాను. పిస్తోలును పెట్టెలో పెట్టి తాళం వేసి, గురికాగితం చుట్టి సంచిలో వేసుకుని బండెక్కాను.

బాపు మడి కట్టుకుని సిద్ధంగా కూర్చున్నాడు. పిస్తోలు పీట మీద పెట్టాను.

"ఖాళీనే కద బిడ్డా?"

"ఖాళీనే బాపు. చూసిన."

ఆయన మంత్రం మొదలుపెట్టాడు. కుంకుమ బొట్టు పెట్టాడు. గొట్టం దేవుడి పటం వైపు ఉండటం నచ్చలేదేమో, మెల్లగా తిప్పి తన వైపు పెట్టుకున్నాడు. పద్మాసనం వేసుకున్న మనిషి పొట్టకు జానెడు దూరం. అప్పటికీ నాకేమీ అనిపించలేదు.

అమ్మ నా సంచిలోంచి గురికాగితం తీసి, "ఇయ్యాల మంచిగ కొట్టినవా?" అంటూ విప్పింది. చివరి అయిదింటి కోసం పెట్టిన కొత్త కాగితం అది. అలవాటుగా చూశాను. నాలుగు చిల్లులు.

ఒకదాంట్లోంచే ఇంకోటి దూరిందేమో అనుకున్నాను. లాక్కుని వెలుతురుకు పట్టి చూశాను. నాలుగూ శుభ్రంగా, గుండ్రంగా, దూరదూరంగా ఉన్నాయి. కాగితమే తగలనంత చెడ్డగా నేనెప్పుడూ కాల్చలేదు. అప్పుడు అర్థమైంది, ఫోను గోలలో నాలుగే కాల్చి అయిదనుకున్నాను. నాలుగోది పేలగానే అయిదోది గొట్టంలోకి వెళ్లిపోతుంది. మ్యాగజైన్ ఖాళీగానే కనిపిస్తుంది.

తల తిప్పేసరికి బాపు పసుపు దారం కడుతున్నాడు. ప్రతి ఆయుధానికీ కడతాడు. దారం ట్రిగ్గర్ ముందునుంచి పోయి పిడి వెనక తేలింది. ముడి వేసి లాగబోతున్నాడు. నా పిస్తోలుకు పేలకుండా ఆపే వేరే లాక్ ఏమీ లేదు.

"బాపు, ఆగు!"

మంత్రం మధ్యలో ఆయన ఎవరికీ జవాబివ్వడు. ఎడమచేత్తో ఆగమన్నట్టు సైగ చేశాడు. కుడిచేతిలో దారం బిగుస్తోంది. పిస్తోలు లాక్కుంటే ఆ లాగుడుకే పేలుతుంది. ఇంకా గట్టిగా అరిస్తే ఉలిక్కిపడతాడు. ఎలా మోకాళ్ల మీద పడ్డానో తెలియదు, ట్రిగ్గర్ వెనకనున్న సందులో చూపుడువేలు దూర్చేశాను. దారం బిగిసింది. ట్రిగ్గర్ నా వేలిని నొక్కి ఆగింది.

"దారం ఇడిచిపెట్టు బాపు. నీ కాళ్లు మొక్కుత, ఇడిచిపెట్టు."

మంత్రం ఆగింది. బాపు దారం వదిలాడు. గొట్టాన్ని ఇటుక గోడ వైపు తిప్పి స్లయిడ్ వెనక్కి లాగాను. తూటా ఎగిరి అక్షింతల పళ్లెంలో పడింది.

అమ్మ అక్కడే కూలబడింది. బాపు ఆ తూటా వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు. తర్వాత మిగిలిన మంత్రం పూర్తి చేశాడు, గొంతు మాత్రం వినబడీ వినబడనట్టుంది. ఆ రోజంతా వేలి మీద ట్రిగ్గర్ నొక్కుడు తెలుస్తూనే ఉంది. ఆ వేలు అక్కడ లేకపోతే అన్న ఆలోచన ఇప్పటికీ వంటింట్లో గిన్నె పడ్డా వస్తుంది.

సెలవుల తర్వాత మీట మళ్లీ పెట్టించాను. కోచ్‌కు జరిగిందంతా చెప్పేశాను. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "మీట ఉన్నా సరే, చూసి నమ్మాలమ్మా," అన్నాడు అంతే. రేంజ్‌లో ఆ వాదన మళ్లీ లేస్తే నేనిప్పుడు తెరుచుకోవాలనే వాళ్ల వైపే కూర్చుంటాను. గొంతు మాత్రం పెంచను.

చాలా రోజులు గడిచాక ఒక ఆదివారం నేను రేంజ్‌కు బయల్దేరుతుంటే బాపు అడిగాడు.

"ఇప్పుడది ఖాళీ అయితే తెరుసుకుంటదా?"

"తెరుసుకుంటది బాపు. అయినా నేను లోపలికి చూస్త."

"ఆనాడు గూడ చూసిన అన్నవ్ కద బిడ్డా."

కోపంగా అనలేదు. తెలియక అడిగినట్టే అడిగాడు. పెట్టె తెరిచి, స్లయిడ్ వెనక్కి లాగి, గొట్టం గోడవైపు పెట్టి, ఖాళీ అని కనబడేలా పట్టుకున్నాను.

"చూడు బాపు."

ఆయన చూడలేదు. రెండడుగులు వెనక్కి వేశాడు.