వెనక్కి తీసుకున్న పటికబెల్లం

నిన్న మా ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగిందండి. వ్రతానికి వచ్చినవాళ్ళకి ప్రసాదం పెట్టడం ఎక్కడైనా ఉన్నదే. పెట్టిన ప్రసాదాన్ని చేతుల్లోంచి వెనక్కి తీసుకున్న ఇల్లు మాత్రం నరసాపురం మొత్తం మీద మాదొక్కటే అయ్యుంటుంది. ఆ టీ ఇలా ఇవ్వండి, చెప్తాను.

నాకు ఫొటోల పిచ్చి ఉందని మీకు తెలుసు కదా. ఊరంతా డిజిటల్ కెమెరాలు కొంటుంటే నేనింకా బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము పట్టుకుని వేలాడుతున్నానని ఈ ఆఫీసులో నవ్వనివాళ్ళు లేరు. నా దగ్గర ఒక రోలు ఉండేదండి. మామూలు ఫిల్ముతో తీసిన ఫొటోని పెద్దది చేస్తే ఉప్మారవ్వ చల్లినట్టు చుక్కలు కనపడతాయి. దీనికి ఆ గోల లేదు. ఎంత పెద్దది చేసినా నున్నగా ఉంటుంది, కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనపడతాయి. అంత మంచి వస్తువుని కంపెనీవాళ్ళు ఉండనిస్తారా, తయారుచెయ్యడమే మానేశారు. ఇక్కడ లేదు, రాజమండ్రిలో లేదు, మద్రాసులో అడిగిస్తే అక్కడా లేదు. ఉన్న ఒక్క రోలునీ ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచుకున్నాను. ఏది తీద్దామన్నా చెయ్యి రాలేదు.

దాన్ని మా అత్తయ్యగారి కోసం బయటికి తీశాను. మేముండేది అత్తవారింటి పక్క వాటాలో, వంటిల్లు మాత్రం ఉమ్మడి. ఆవిడ చిన్నప్పటి నుంచీ లేసు అల్లుతున్నారు. అల్లినవన్నీ ఎగుమతి కంపెనీ ఏజెంటు పట్టుకుపోతాడు, అవి ఏ దేశంలో ఎవరి మంచాల మీద పరుచుకుంటున్నారో ఆవిడకి తెలీదు. ఒక్కటీ ఇంట్లో మిగల్లేదు. ఈమధ్య పెద్ద మంచం దుప్పటి ఒకటి అల్లారండి, అంతా పువ్వులే. చూపు మందగించింది, ఇంత పెద్దది ఇంక అల్లలేనని ఆవిడే చెప్పారు. ఏజెంటు వచ్చే ముందురోజు నన్ను పిలిచి, "అల్లుడుగారూ, దీన్నొక ఫొటో తీస్తారా?" అన్నారు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను అడిగింది అదొక్కటే. ఉత్త ఫొటోనా అత్తయ్యగారూ, ప్రతి దారం పోగూ కనపడేలా తీస్తాను చూడండి అని గొప్పగా చెప్పాను.

తీశాను కూడా. మేడ మీద నల్ల దుప్పటి కట్టి, దాని మీద లేసు పరిచి, స్టాండు మీద కెమెరా పెట్టి, పువ్వు పువ్వుకీ దగ్గరికెళ్ళి తీశాను. అది వెలుతురు పట్టడానికి మహా నెమ్మది ఫిల్మండి, గాలికి లేసు కదిలిందంటే బొమ్మ అలికేసినట్టు వస్తుంది. గోదావరి గాలి ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి ఒక్కో ఫొటో తీశాను. అయ్యేసరికి చెమటతో తడిసి ముద్దయ్యాను. మర్నాడు ఏజెంటు వచ్చి దుప్పటి మడతపెట్టి పాలకొల్లు పట్టుకుపోయాడు. ఇంక ఆ దుప్పటికి ఆనవాలంటే ఆ రోలే.

పని పూర్తయితే వ్రతం చేసుకుంటానని అత్తయ్యగారు మొక్కుకున్నారట. అదే నిన్నటి వ్రతం. పూజయింది, భోజనాలయ్యాయి, బంధువులూ ఇరుగుపొరుగూ తాంబూలాలు పుచ్చుకుని వరండాలో కబుర్లలో పడ్డారు. పంతులుగారు వెళ్ళిపోయారు. నేను ఊరుకోవచ్చు కదా. మీరు కాఫీ తాగేలోపు అత్తయ్యగారి దుప్పటి చూపిస్తానుండండి అని అందరి ముందూ అనేసి బాత్రూములో దూరాను.

వెంటిలేటరుకి దుప్పటి కట్టి, చీకట్లో ఫిల్ముని వెలుతురు దూరని డబ్బాలోకి ఎక్కించాను. బొమ్మ తేలడానికి డెవలపర్ పోశాను, నీళ్ళతో కడిగాను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. మిగిలింది హైపో. తేలిన బొమ్మ వెలుతురికి పాడైపోకుండా నిలబెట్టేది అదేనండి, తెల్లటి పలుకుల్లా ఉంటుంది, నీళ్ళల్లో కరిగించి పొయ్యాలి. మన ఊరి తేమకి బీరువాలో పెడితే చెమ్మగిల్లిపోతోందని, పొయ్యి పైన అరలో వెచ్చగా ఉంటుంది కదా అని, వంటింట్లోంచే ఒక మూత గట్టి సీసా తీసుకుని అందులో పోసి అక్కడే పెట్టాను. ఎంత తెలివో చూడండి. ముందే తీసుకొచ్చి పెట్టుకున్న ఆ సీసాలోంచి పలుకులు వేసి, కరిగించి, డబ్బాలో పోసి, కాసేపాగి ధైర్యంగా మూత తీశాను.

ఫిల్ము తెల్లగా మీగడ కట్టినట్టుంది. అది అలా ఉండకూడదండి, గాజులా తేటపడాలి. ఇంకాసేపు ఉంచాను. అదే తెలుపు. మందు పాతదైపోయిందేమో అనుకుంటూ, కలిపిన మగ్గు వంక చూశాను. మగ్గు అంచు చుట్టూ చీమలు!

హైపోకి చీమలెందుకు వస్తాయి? వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. తియ్యగా ఉంది.

నా ఫిల్ముని పటికబెల్లం పానకంలో నానబెట్టానండి! దేశంలో ఆఖరి రోలు!

ఫిల్ము మళ్ళీ డబ్బాలో పెట్టి మూతేసి వంటింట్లోకి పరిగెత్తాను. హైపో సీసా ఏదని మా ఆవిణ్ణి అడిగితే, హైపో ఏంటండీ అంది. ఆ అరలో ఇలాంటి సీసాయే ఇంకోటి ఉండాలి కదా అన్నాను. అందులో పటికబెల్లమేగా, తాంబూలానికో పలుకు చొప్పున పెట్టేశాను, అడుగంటా దులిపితే సరిగ్గా సరిపోయింది అని సంతోషంగా చెప్పింది. వ్రతం హడావుడిలో సీసాల చోట్లు మారిపోయాయి. దానిదేం తప్పు? వంటింట్లో ఉన్నది వంట సామానే అనుకుంటారు ఎవరైనా.

అప్పుడు అసలు సంగతి బుర్రకెక్కింది. వరండాలో అంతమంది చేతుల్లో ఫొటోలు కడిగే మందు! ఫిల్ము సంగతి మర్చిపోయాను. ఒక్క ఉరుకున వరండాలోకొచ్చి, "ఎవరూ ఆ పటికబెల్లం నోట్లో పెట్టుకోకండి, అది ఫొటోల మందు" అని అరిచాను.

అందరూ బిగుసుకుపోయారు. ఎదురింటి హెడ్మాస్టరుగారి దవడ మాత్రం ఆడుతూ ఆడుతూ ఆగింది.

"తినేశారా మాస్టారూ?" అన్నాను.

"తిన్నానండి. ఉప్పగా, కాస్త చేదుగా తగిలింది. ప్రసాదానికి వంక పెట్టకూడదు కదండీ, మింగేశాను."

ఇదండీ మనవాళ్ళ మర్యాద! విషం పెట్టినా బాగుందండి అంటారు. నా కళ్ళ ముందు పోలీసులు, ఆసుపత్రి, పేపర్లో నా ఫొటో అన్నీ తిరిగాయి. వెంటనే మా స్టూడియో రాంబాబుకి ఫోన్ చేశాను. వాడు ముందు నవ్వాడు. ఒక్క పలుక్కి ఏమీ కాదురా, మహా అయితే విరేచనాలు అవుతాయి, మజ్జిగ పట్టించి డాక్టరుగారికి ఓసారి చూపించు అన్నాడు. డాక్టరుగారూ అదే మాట చెప్పాక నాకు ఊపిరొచ్చింది. ఊపిరి రాగానే ఫిల్ము గుర్తొచ్చింది. డెవలపర్ కడిగేశావు కాబట్టి ఇంకా బతికే ఉంది, హైపోలో వెయ్యి, ఈ ఎండలకి పానకంలో ఎక్కువసేపు నానితే పైపూత ఊడొస్తుంది అన్నాడు రాంబాబు. వాడి దగ్గర హైపో ఉందా అంటే, వాడు కలర్లోకి మారిపోయి ఎన్నాళ్ళయింది! ఊళ్ళో ఉన్న హైపో అంతా మా వరండాలోనే ఉందండి, తాంబూలాల్లో.

ఇదంతా వింటూ గుమ్మంలో అత్తయ్యగారు నిలబడి ఉన్నారు. మొహం పాలిపోయింది. స్వామి వ్రతంలో మందు పంచిపెట్టిన అల్లుడు. నేను తలెత్తలేకపోయాను. మెల్లిగా, ఆ పలుకులు దొరికితే మీ దుప్పటి ఫొటో దక్కుతుంది అత్తయ్యగారూ అన్నాను.

ఆవిడ గిరుక్కున వెనక్కి తిరిగారు. లోపలికెళ్ళారు. అయిపోయింది నా పని అనుకున్నాను. స్టీలు పళ్ళెం పట్టుకుని బయటికొచ్చారు. ఒక్కొక్కళ్ళ ముందూ ఆగి, పలుకు వెయ్యమ్మా, ఏమనుకోకు అంటూ వరసగా వసూలు చేశారు! ఇంటికి పట్టుకెళ్దామని కొంగున ముడేసుకున్న పిన్నిగారొకావిడ, ఇచ్చిన ప్రసాదం వెనక్కి తీసుకోవడం ఎక్కడా వినలేదమ్మా అని గొణుగుతుంటే, ఆ ముడి అత్తయ్యగారే విప్పి పలుకు తీసుకున్నారు. నేను నోరెళ్ళబెట్టి చూస్తున్నాను. మాస్టారుగారిది తప్ప అన్నీ వచ్చాయి. తర్వాత కొట్టునుంచి అసలు పటికబెల్లం తెప్పించి, స్వామికి దణ్ణం పెట్టి, అందరికీ మళ్ళీ పంచారు.

కుంకుమ అంటినవి, పసుపు అంటినవి అన్నీ కడిగి, కరిగించి, వడగట్టి ఫిల్ము మీద పోశాను. తెలుపంతా మెల్లిగా తేటపడిందండి. పువ్వులు, తీగలు, ప్రతి పోగూ! అక్కడే బాత్రూము గట్టు మీద కూలబడి ఏడ్చినంత పని చేశాను.

ఇవాళ పొద్దున్న మాస్టారుగారు కబురు పెట్టారు. ఆసుపత్రికి పరిగెత్తాలేమో అని చొక్కా తొడుక్కున్నాను. తీరా చూస్తే, కడుపు ఎన్నాళ్ళకో తేలిగ్గా ఉంది, ఆ పలుకులు ఇంకేమైనా మిగిలాయా అని. లేవని చెప్పి పంపించి బయటికొచ్చేసరికి, ఆరిన ఫిల్ముని కిటికీ వెలుతురికి పట్టుకుని, భూతద్దంతో చూస్తూ అత్తయ్యగారు కూర్చుని ఉన్నారు. పువ్వు పువ్వునీ వరసపెట్టి చూశారు. మెచ్చుకుంటారని పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డాను.

"ఈ పువ్వుకి ఒక రేకు తక్కువైంది అల్లుడుగారూ," అన్నారు.

ఏ పువ్వుకో నాకు కనపడలేదు. భూతద్దంలో చూపించారు. నిజమే, ఒక రేకు లేదు. మామూలు ఫిల్మయితే ఆ చుక్కల్లో కలిసిపోయేది, జన్మలో ఎవరికీ తెలిసేది కాదు. అంత తప్పు పనిని ఎవరి మంచం మీదకో పంపించానా అని ఆవిడ బాధపడుతుంటే మొహం చూడలేకపోయాను.

"పాలకొల్లు వెళ్ళి ఆ దుప్పటి వెనక్కి పట్టుకురండి. రేకు అల్లేస్తాను," అన్నారు. "అప్పుడు మళ్ళీ తీద్దురుగాని. ఈ ఫిల్ముతోనే తియ్యండి, ఎంత బాగా కనపడుతోందో."

నేను అలాగే అత్తయ్యగారూ అన్నానండి.