పోయి తిరిగొచ్చిన కిలోన్నర

బందర్లో ఒక హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. దెయ్యం పట్టిందని సెలవు చీటీ తెచ్చిన పిల్లాణ్ణి క్లాసంతా వినేలా చీవాట్లు పెట్టిన రకాన్ని. దెయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. ఇప్పుడు నేనే చెబుతున్నాను కాబట్టి నా మీద నాకూ మంటగానే ఉంది. అందుకే వీలైనంతవరకు తూకాలే చెబుతాను.

సెల్‌ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాని రోజులు. మా అన్నయ్య గుడివాడలో ఉండేవాడు. కొండ అన్నది కంటికి ఆనని ఈ డెల్టాలో పుట్టి, కొండలెక్కే పిచ్చి ఎక్కడ పట్టుకుందో గానీ, ఏటా వేసవికి హిమాలయాల్లో ట్రెక్కింగుకి వెళ్ళేవాడు. ఒక ఏడాది నన్నూ తీసుకెళ్ళాడు.

అక్కడ రెండు కొండల నడుమ, బాగా ఎత్తులో ఒక కనుమ దాటాలి. ఇంకొక్క రోజు నడక ఉందనగా నేను వెనకబడ్డాను. పదిహేను మంది చూస్తుండగా అన్నయ్య అన్నాడు: "సామానైతే మొయ్యగలను గానీ నిన్ను మొయ్యలేనురా. దిగిపో."

దిగిపోయాను. వాళ్ళు కనుమ దాటి ఫొటోలు దిగి వచ్చారు. తర్వాత నాలుగేళ్ళు మేమిద్దరం మాట్లాడుకోలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే నేను వేరే బంతిలో కూర్చునేవాణ్ణి.

ఆ నాలుగో ఏడే అన్నయ్య గుండెపోటుతో పోయాడు. గుడివాడ వెళ్ళాను. పాడె లేపే వేళకి మా పెదనాన్నగారు నన్ను పిలిచి, "కుడిపక్క నువ్వు పట్టరా" అన్నారు. "భుజం నొప్పిగా ఉందండీ" అన్నాను. నొప్పీ లేదు, గిప్పీ లేదు. పక్కింటాయన వచ్చి పట్టాడు. వదిన గుమ్మంలో నిలబడి నన్నే చూసింది.

అన్నయ్య కొడుకు నిప్పుకుండతో ముందు నడిచాడు. కాలవ గట్టు మీద దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. ప్రాణం ఇంకా ఉందేమో, లేస్తాడేమోనని అయినవాళ్ళు చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు కదా, అది. "తోడబుట్టినవాడివి, నువ్వు పిలువు" అన్నారు పెదనాన్న. నేను పంచె సర్దుకుంటున్నట్టు పక్కకి తిరిగాను. ఆయనే పిలిచారు.

ఆరు నెలలకి వదిన అన్నయ్య ట్రెక్కింగ్ సంచి పంపింది. "నీకు పనికొస్తుందేమో" అని చిన్న చీటీ. ఆ వేసవికి నేను అదే కనుమకి పేరు నమోదు చేయించుకున్నానని ఆవిడకి తెలుసు. దాటానని చూపించాల్సినవాడు పోయాడు. అయినా దాటి తీరాలి, అంతే.

మోకాళ్ళు చూసిన డాక్టరు ఎనిమిది కిలోలు దాటి మొయ్యద్దన్నాడు. అంటే ప్రతి గ్రామూ లెక్కే. విజయవాడ వెళ్ళి షాపులన్నీ తిరిగాను. రంగురంగుల సంచులు, అడుగుకో జేబు, దూది కుక్కిన పట్టీలు. ఖాళీవే గాడిద బరువు. ఇంటికొచ్చి అన్నయ్య సంచి తగిలించుకుంటే నడుము పట్టీ సరిగ్గా తుంటి ఎముకల మీద కూర్చుంది. నా కొలతలిచ్చి కుట్టించినట్టే ఉంది. అదీ కోపమే తెప్పించింది.

స్కూల్లో స్ప్రింగ్ త్రాసుకి తగిలిస్తే రెండు కిలోల నాలుగు వందల గ్రాములుంది. మొదట వీపు వైపున్న అల్యూమినియం చట్రం విప్పేశాను. వీపుకి ఒత్తుకోకుండా దాని బదులు పడుకునే ఫోమ్ చాప మడత పెట్టి దూర్చాను. పై మూత కోసేసి నోటికి తాడు పెట్టాను. ఇనప బకిల్సు, పక్క జేబులు తీసేశాను. లోపల అన్నయ్య పేరు కుట్టి ఉన్న గుడ్డముక్కని బ్లేడుతో గీకి తీశాను. అది అరగ్రాము ఉంటుందో ఉండదో. నిజం చెప్పాలంటే ఆ పని బరువు కోసం చెయ్యలేదు.

మిగిలినవి తోలు పట్టీలు. నైలాన్ పట్టీలు పెట్టించడానికి పెడనలో వీరాస్వామిగారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయనది మగ్గం పని, ఇంట్లో దళసరి గుడ్డ కుట్టే మిషనూ ఉంది. సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవరిదండీ?" అన్నాడు. పోయిన మా అన్నయ్యదని చెప్పాను.

"ఒక్క పట్టీ మొదలన్నా ఉంచండి మాస్టారూ. దానికే కొత్తది అతుకుతాను. మగ్గం మీదయినా అంతేగా, పాత పోగులు మొత్తం లాగెయ్యం. పాత కొసకే కొత్త పోగు కలుపుతాం."

"పోగులు మళ్ళీ ఎక్కించే శ్రమ తప్పించుకోడానికి మీరు చేసే పని అది. ఇది సంచి. మొదలంటా కొయ్యండి" అన్నాను. కోశాడు. తీసినవన్నీ ఒక బియ్యం సంచిలో వేసుకొచ్చాను.

ఫోమ్ చాప సామాను లెక్కలోది, నైలాన్ పట్టీలు ముల్లుకి ఆననంత తేలిక. సంచి తొమ్మిది వందల గ్రాములకి దిగింది. తీసిన ముక్కలు కిలోన్నర. మా అటెండరు నాంచారయ్య ఎదురుగానే రెండూ తూచాను.

ఆదివారం పొద్దున్నే ఏడు కిలోల సామాను సర్దుకుని, అలవాటు కోసం మంగినపూడి బీచికి నడిచాను. సగం దారి హాయిగానే ఉంది. తర్వాత కుడి భుజం లాగడం మొదలైంది. పట్టీలు సవరించాను, సామాను తీసి మళ్ళీ సర్దాను. ఎడమవైపు ఏమీ లేదు, అంతా కుడివైపే. బీచి చేరేసరికి ఒక పక్కకి ఒరిగిపోయి నడుస్తున్నాను. బస్సెక్కి తిన్నగా స్కూలుకి వచ్చి, నాంచారయ్య చేత లాబ్ తీయించాను.

సామానంతా బయటపెట్టి తూచాం. సామాను ఏడు కిలోలే. ఖాళీ సంచి రెండు కిలోల నాలుగు వందలు.

సంచి తిరగేశాను, దులిపాను, ఫోమ్ చాప మడత విప్పి చూశాను. తడి లేదు, ఇసుక లేదు. త్రాసు పాడైందేమోనని అరకిలో రాయి తగిలిస్తే అరకిలోయే చూపించింది. అప్పుడు నాంచారయ్య మూలనున్న బియ్యం సంచి అందుకున్నాడు. అందుకున్నవాడల్లా ఆగిపోయి, "ఇందులోవి తీసేశారా మాస్టారూ?" అన్నాడు.

తియ్యలేదు. చట్రం, పట్టీలు, బకిల్సు అన్నీ ఉన్నాయి. మూట త్రాసుకి తగిలిస్తే ముల్లు సున్నా మీద నుంచి కదల్లేదు. నాంచారయ్య తాళాలు బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

నాకు భయం వెయ్యలేదు. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. చచ్చి కూడా నన్ను ఆ కనుమ ఎక్కనివ్వడా? మర్నాడు సెలవు పెట్టి, ఖాళీ సంచి భుజాన వేసుకుని గుడివాడ బస్సెక్కాను. అది వదిన మొహానే పడేసి వద్దామనుకున్నాను.

వదిన వాకిట్లో బియ్యం ఏరుతోంది. "ఇది నాకొద్దు వదినా, బరువుగా ఉంది" అన్నాను. ఆవిడ లేచి, రెండు వేళ్ళతో సంచి ఎత్తి చూసింది. "ఏం బరువు? దూదిలా ఉంది" అని మళ్ళీ నా చేతికే ఇచ్చింది. ఇచ్చి, నా కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"ఆ రోజు నొప్పన్నావు. భుజం తగ్గిందా?"

సంచి తగిలించుకుని బయటపడ్డాను. బస్టాండు కుడివైపు. నేను ఎడమకి తిరిగాను. ఎందుకు తిరిగానో తెలియదు. సందు మలుపు తిరిగేసరికి కుడి భుజం మీద బరువు పడింది. రెండు కిలోలూ మూడు కిలోలూ కాదు. రెండు చేతులతో పట్టీ పట్టుకుని, వంగిపోయి, ఆగి ఆగి నడిచాను. పట్టపగలు, పదకొండు గంటల ఎండ. సైకిలు మీద వెళ్తున్న ఒకాయన దిగి, "ఏవండీ, వంట్లో బాలేదా?" అని కూడా అడిగాడు.

కాలవ గట్టు మీద ఇక ఒక్క అడుగు కూడా పడలేదు. సంచి దించేసి పక్కనే కూలబడ్డాను. "అన్నయ్యా, ఏం కావాలి నీకు?" అని అరిచాను. తిట్టినట్టే అరిచాను. "అన్నయ్యా!" అన్నాను మళ్ళీ. మూడోసారీ అన్నాను. అని, గట్టు మీద కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. క్షమించమని అడగలేదు. ఆ మాట ఆ రోజు కూడా నా నోట రాలేదు.

కాసేపటికి లేచి సంచి అందుకుంటే చేతికి ఏమీ తెలియలేదు. పాడె దించింది అక్కడేనని, పిలిచింది మూడుసార్లని, బందరు బస్సులో సగం దూరం వచ్చాక గానీ నాకు తట్టలేదు.

లాబ్‌లో సంచి తొమ్మిది వందలు, ముక్కలు కిలోన్నర తూగాయి. ఆ వేసవి కనుమ దాటాను. పైన ఫొటో తీస్తామన్నారు, వద్దన్నాను. ఇప్పటికీ ఏడాదికోసారి రెండూ తూస్తాను. గ్రాము తేడా రాదు. ఆ ఒక్క ఆదివారం కిలోన్నర ఎటు పోయి ఎటు వచ్చిందో నాకున్న చదువుతో చెప్పలేను. నాంచారయ్యని అడిగితే మాట మార్చేస్తాడు.

కుడి భుజం మాత్రం ఆ గట్టు మీద నుంచి లేచినప్పటినుంచీ నొప్పే. ఎక్స్‌రేల్లో ఏమీ లేదన్నారు. వదిన కనిపించినప్పుడల్లా, "తగ్గిందా?" అని అడుగుతుంది. లేదు వదినా, అంటాను. ఇప్పుడు అది అబద్ధం కాదు.