మూడో తరగతి భాగహారం మీద నా పరిశోధన

మీ ఇంట్లో మూడో తరగతి చదివే పిల్లలుంటే, వాళ్ళు శేషం వచ్చే భాగహారాల ముందు కూర్చుని పెన్సిల్ కొరుకుతుంటే, దయచేసి వాళ్ళను తిట్టకండి. పంతులమ్మను అసలే తిట్టకండి. అంతగా తిట్టాలనిపిస్తే నన్ను తిట్టండి. ఆ లెక్కను ఆ తరగతిలోంచి తీయించే అవకాశం ఈ రాష్ట్రంలో ఒకే ఒక్కడికి దొరికింది, ఆ ఒక్కణ్ణీ నేనే. దొరికిన అవకాశాన్ని రెండుసార్లు, అదీ శాస్త్రీయంగా, తగలేశాను.

అప్పటికి మాదాపూర్‌లో ఒక విద్యా పరిశోధన సంస్థలో కొత్తగా చేరాను. ఏసీ గది, గోడ నిండా రంగు చీటీలు, మూడు రకాల కాఫీ ఇచ్చే మెషీను. లేనిదల్లా పిల్లలే. బడుల పాఠ్య ప్రమాణాలు సవరించడానికి వేసిన కమిటీ, ఏ తరగతి పిల్లలకు ఏం రావాలో ఊహించి కాకుండా పరిశోధించి తేల్చాలని నిర్ణయించుకుని, ఆ పని మా సంస్థకు అప్పగించింది. నా వాటాకు మూడో తరగతి లెక్కలు వచ్చాయి. శేషం వచ్చే భాగహారాన్ని అక్కడే ఉంచాలా, నాలుగుకు జరపాలా అన్నది నేను తేల్చాలి. ఎంబీఏ చేసినవాణ్ణి కాబట్టి నాకు తేలనిదంటూ ఉండదని నా నమ్మకం.

ఈ సంగతి మా సుజాతక్కకు ఫోన్ చేసి గొప్పగా చెప్పుకున్నాను. అక్క నారాయణపేట వైపు ఒక ఊళ్ళో సర్కారు బడిలో మూడో తరగతికే చెబుతుంది. వినగానే ఆమె గొంతు మారిపోయింది.

"శీనూ, నీకు పుణ్యముంటది, గా భాగహారాన్ని నాలుగో తరగతికి తోలెయ్‌రా. నా పిల్లలకు తీసివేతలే ఇంకా సక్కగ రాలే. శేషం అనంగనే ఒకడు ఏడుస్తడు, వాణ్ణి జూసి ఇంకొకడు ఏడుస్తడు. ఇద్దరైతే బడికి రావుడే బంద్ జేసిన్రు" అంది.

నాకు నిజంగా జాలేసింది. ఆ లెక్కకు భయపడి నేనూ చిన్నప్పుడు కడుపునొప్పులు తెచ్చుకున్నవాణ్ణే. ఫికర్ చేయకు, పిల్లలకు రాదని పరిశోధనలో తేలితే లెక్క దానంతటదే నాలుగుకు పోతుంది, అది నా పూచీ అని మాటిచ్చాను.

రాష్ట్రమంతా తిరిగి పిల్లల్ని పరీక్షించాలని మ్యాపు మీద ఒక ప్లాను గీసి మా బాసు ప్రసాద్ గారికి చూపించాను. ఆయనది రాజమండ్రి, ఎవరినీ నొప్పించని మనిషి. మ్యాపు వైపు కాసేపు జాలిగా చూసి, "ముందు మన ఆఫీసు క్యాబు వెళ్ళే చోట మొదలుపెట్టండి. గోపన్‌పల్లి కూడా రాష్ట్రంలోదే కదండీ" అన్నారు. కాదని నిరూపించడానికి నా దగ్గర ఆధారాలు లేవు. అలా రాష్ట్రంలోని బాలబాలికలందరి తరఫున గోపన్‌పల్లిలోని ఒక పెద్ద అపార్ట్‌మెంటు సముదాయం ఎంపికైంది. అందులో ఈతకొలనులు రెండున్నాయి. సర్కారు బడికి వెళ్ళే పిల్లలు మాత్రం లేరు.

మొదటి ఆదివారం అక్కడి క్లబ్‌హౌస్‌లో కుర్చీలు వేయించుకుని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఒక బాబు వచ్చాడు గానీ, షటిల్ కాక్ కోసం వచ్చాడు. అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి వాసవి గారు నా మీద దయతలచి టీ తెప్పించారు. ఉత్త సర్వే అంటే ఈ రోజుల్లో పిల్లల్ని ఎవరు పంపుతారండీ, వాళ్ళకేమైనా ఉపయోగం ఉండాలి కదా అని మెల్లగా చెప్పారు.

ఇక్కడ నా బుర్ర పనిచేసింది. అది పనిచేసినప్పుడల్లా ఏదో ఒకటి జరుగుతుందని నాకు అప్పటికింకా తెలియదు. వచ్చే ఆదివారం సర్వేకు వచ్చిన పిల్లలకు ర్యాంకులు ప్రకటిస్తాం, మొదటి ర్యాంకుకు మెడల్ అని ఆవిడ చేత వాట్సాప్ గ్రూపులో పెట్టించాను. పిల్లలకు మామూలుగా ఏం వచ్చో చూడటానికి ర్యాంకు ఎందుకని మీరడగొచ్చు. మీరు హైదరాబాదులో ఉండరనుకుంటాను.

బుధవారానికి ఆ అపార్ట్‌మెంటు గేటు ఎదురుగా ఒక ఫ్లెక్సీ వెలిసింది. 'రాష్ట్ర ప్రమాణాల సర్వేకు స్పెషల్ కోచింగ్. శేషంతో భాగహారం గ్యారంటీ.' అది చూసి నేను గుండెలు బాదుకోవాల్సింది. దానికి బదులు ఫొటో తీసి, ప్రజల స్పందన చాలా బాగుందని ప్రసాద్ గారికి పంపాను. ఆయన చప్పట్ల బొమ్మ పంపారు.

ఆదివారం క్లబ్‌హౌస్ పట్టలేదు. తల్లులు పిల్లల నోట్లో నానబెట్టిన బాదంపప్పులు పెడుతున్నారు. ఒక తండ్రి నెగెటివ్ మార్కులు ఉన్నాయా అని అడిగితే, ఇంకొకాయన మేనేజ్‌మెంట్ కోటా సంగతి నన్ను పక్కకు పిలిచి అడిగారు. బొద్దుగా ఉన్న ఒక పాప నా చొక్కా పట్టుకుని లాగి, "అంకుల్, రఫ్ వర్క్‌కి వేరే పేపర్ ఇస్తారా?" అంది. ఒక్కడు తప్ప అందరూ అన్నీ సరిగ్గా చేశారు. తప్పు చేసిన ఆ బాబు తండ్రి రీవాల్యుయేషన్ కావాలని రాసిచ్చి వెళ్ళారు.

రాయదుర్గంలో ఒక ఎత్తైన భవనంలో కమిటీ సమావేశం జరిగింది. ప్రసాద్ గారు మా ఫలితాలను తెర మీద చూపించారు. చైర్మన్ గారు రిటైరైన ప్రొఫెసరు. కళ్ళజోడు సర్దుకుని, ఇంత బాగా వస్తున్నప్పుడు నాలుగుకు జరపడం దేనికి, రెండో తరగతికి దించేస్తే పోలా అన్నారు. నలుగురూ తలలూపారు. నా కళ్ళ ముందు మా అక్క కనబడింది. ఉద్యోగం పోతే పోయిందని లేచి నిలబడి, ర్యాంకులు, మెడల్, ఫ్లెక్సీతో సహా మొత్తం కక్కేశాను.

అంతా విని చైర్మన్ గారు, ఈసారి ఒక మామూలు పల్లె బడిలో ర్యాంకులేవీ లేకుండా చేసుకుని రమ్మన్నారు. అక్కడ ఏది తేలితే అదే ఖాయం, ఇక మారేది లేదన్నారు. లిఫ్టులో కిందికి దిగేదాకా ప్రసాద్ గారు నా మొహం చూడలేదు. దిగాక, "నిజం చెప్పడం మంచిదేనండీ. కాస్త ముందు నాకు చెప్తే ఇంకా బాగుంటుంది" అన్నారు.

పల్లె బడి అనగానే నాకు తట్టింది మా అక్క బడే. బంధుత్వం సంగతేమిటని మీరంటారు. నాకు తెలిసిన పల్లె బడి అదొక్కటే, ఏం చేయమంటారు? ఆ సాయంత్రమే అక్కకు ఫోన్ చేసి, వచ్చే శుక్రవారం నేనే వస్తున్నాను, పిల్లల్ని ఎట్లా ఉన్నవాళ్ళను అట్లాగే కూర్చోబెట్టు, మిగతాది నేను చూసుకుంటాను అన్నాను. సరే అంది. ఆమె గొంతులో సంతోషం విని నాకూ కడుపు నిండిపోయింది.

శుక్రవారం వెళ్ళేసరికి పిల్లలందరూ తలలకు నూనె రాసుకుని, ఉతికిన యూనిఫారాల్లో బుద్ధిగా కూర్చున్నారు. హెడ్మాస్టరు గారు కూడా ఒక కుర్చీ తెచ్చుకుని వెనక కూర్చున్నారు. నేను బోర్డు మీద పదిహేడును అయిదుతో భాగించమని రాశాను. చాక్‌పీసు కింద పెట్టకముందే తరగతి మొత్తం ఒక్క గొంతుతో "మూడు, శేషం రెండు" అంది. అంకెలు మార్చాను. మళ్ళీ అదే గొంతు, మళ్ళీ సరైన జవాబు. ముందు వరసలో ఒక పిల్ల చెయ్యెత్తి, జవాబు సరిచూసుకునే పద్ధతి కూడా చెప్పమంటారా సార్ అని అడిగింది. హెడ్మాస్టరు గారు మురిసిపోయారు. నాకు చెమటలు పట్టాయి.

అక్కను వరండాలోకి పిలిచి, ఇదేంటక్కా, వీళ్ళకు రాదన్నావు కదా అన్నాను.

"యాడొస్తది? వారం సంది అన్ని బంద్‌ వెట్టి గిదొక్కటే రుద్దిన. హైదరాబాద్‌కెళ్ళి సర్వే వస్తుందంటే, నా పిల్లలకు రాదని రాసుకపోతవా? హెడ్మాస్టర్ సార్ ముంగట నా ఇజ్జత్ ఏంగావాలె?" అంది అక్క.

అక్క చీర కొంగుతో చేతికంటిన చాక్‌పీసు పొడి తుడుచుకుని, నాకు దగ్గరగా వచ్చి గొంతు తగ్గించింది.

"గంత మంచిగ చెప్పిన్రు గదరా పిల్లలు. ఇగనన్న నాలుగో తరగతికి తోలేస్తవు గదా?"

ఈసారి నిజం కక్కితే పోయేది అక్క పరువు కాబట్టి, వచ్చిన ఫలితాన్ని వచ్చినట్టే ఇచ్చాను. కమిటీ ఎంతో సంతోషించింది. పట్నమూ పల్లే ఒకే మాట మీద ఉండటం చాలా అరుదని చైర్మన్ గారు మెచ్చుకున్నారు. అయితే నా మొహం చూసి జాలిపడ్డారో ఏమో, రెండుకు దించకుండా భాగహారాన్ని మూడులోనే ఉంచారు. అక్క నాతో ఆర్నెల్లు మాట్లాడలేదు.

కాబట్టి మీ అందరి సాక్షిగా, ముఖ్యంగా పెన్సిళ్ళు కొరుకుతున్న ఆ పసివాళ్ళ సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఈ జన్మలో ఇంకెప్పుడూ, ఎవరికి ఏం రాదో తెలుసుకోవడానికి వస్తున్నానని వాళ్ళకు ముందుగా చెప్పను. వాళ్ళు నా సొంత అక్కలైతే అసలే చెప్పను.